పక్కన బోర్డు వున్న ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అంత కష్టం మనుషులకు రాకూడదనుకున్నారో ఏమో!

విజయవాడలో ఇరవయ్యారేళ్ళుగా అద్దె ఇళ్ళల్లోనే కాపరం. ఆరు ఇళ్ళు మారాం. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళ మొహం చూడాల్సిందే. మావారు రిటైరై నాలుగు డబ్బులు చేతికొచ్చేసరికి, ఎనభై మూడేళ్ళ మా అత్తగారు ఒకటే మాటన్నారు. “నన్ను సాగనంపేది మాత్రం సొంత గడపలోంచి సాగనంపండ్రా.”

ఆ మాట విన్నాక ఇంక ఆగుతామా? పటమటలో ఒక ఇల్లు చూశాం. నూట యాభై గజాలు, ముప్ఫయ్యేళ్ళ నాటి కట్టుబడి. తూర్పు వైపు వంటిల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు. పొద్దున్నే ఎండ కిటికీలోంచి వచ్చి గ్యాస్ పొయ్యి దాకా పరుచుకుంటుంది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆవిడ మోకాళ్ళకి ఆ ఎండే మందు. లేవమంటే లేవరే!

ఇంతకీ చిక్కేమిటంటే, ఆ తూర్పున ఖాళీ స్థలం వుంది. స్థలంలో బోర్డు వుంది. ఆ బోర్డు మీద అద్దాల మేడ బొమ్మా, ‘త్వరలో షాపింగ్ కాంప్లెక్స్’ అన్న అక్షరాలూ వున్నాయి.

“అదృష్టం మీదేనండీ! కాంప్లెక్స్ లేచిందంటే మీ గజం రేటు రెట్టింపు” అన్నాడు బ్రోకరు. అందుకే ధర ఎనభై లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు నూటికి ఏడున్నర చొప్పున మరో ఆరు లక్షలు. మావారి కళ్ళల్లో అప్పుడే అద్దాల మేడ మెరిసింది. నా కళ్ళకి మాత్రం ఆ మేడ నీడ కనిపించింది.

ఇంటికొచ్చాక వాదన మొదలైంది.

“నువ్వు వంటింటి కిటికీ దగ్గరే ఆగిపోతావేమోయ్, లోకం ఎంత ముందుకెళ్తోందో చూడు” అన్నారాయన.

“లోకం ముందుకెళ్తే వెళ్ళనివ్వండి. మన కిటికీ ముందుకొచ్చి నిలబడకుండా వుంటే చాలు” అన్నాను.

మా తమ్ముడు ప్లీడరు. వాణ్ణి పిలిపించాం. ఈసీ తీయించాడు, పాత దస్తావేజులన్నీ తిరగేశాడు. ఇంటి మీద అప్పుల్లేవు, తగాదాల్లేవు. “కానీ అక్కయ్యా, ఈసీ ఈ ఇంటి సంగతే చెబుతుంది గాని పక్క స్థలం సంగతి చెప్పదు” అంటూ ఓపిగ్గా వివరించాడు. మాస్టర్ ప్లాన్లో ఆ స్థలం ఏ జోన్లో వుందో మునిసిపల్ కార్పొరేషన్లో కనుక్కోవాలట. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టి అమ్మేవాళ్ళు 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్టరు చేయించి, మంజూరైన ప్లాను అందరికీ కనబడేలా పెట్టాలట. మేడ ఎత్తు పెరిగినకొద్దీ చుట్టూ వదలాల్సిన జాగా కూడా పెరుగుతుందట.

“మరి మన ఎండ మాటేమిట్రా?” అన్నాను.

“దానికీ చట్టం వుంది. ఇరవయ్యేళ్ళు అడ్డం లేకుండా వచ్చిన వెలుతురు మీద ఇంటివాళ్ళకి హక్కుంటుంది. 1882లోనే రాసి పెట్టారు. కాకపోతే ఆ హక్కు కోర్టులో రుజువు చేసుకోవాలి.”

“ఎన్నేళ్ళు పడుతుంది?”

వాడు నవ్వి వూరుకున్నాడు. అత్తగారి వయసు గుర్తొచ్చి నేనూ వూరుకున్నాను.

మాటలతో తేలేది కాదని ఒక శనివారం రాత్రి తొమ్మిదింటికి మావారిని వెంటబెట్టుకుని, ఇప్పటికే లేచిన ఒక కాంప్లెక్స్ పక్క సందులోకి వెళ్ళాను. ఇళ్ళ గేట్లకి అడ్డంగా స్కూటర్లు. పక్కగోడ మీద ఏసీల వేడి గాలి. నివాస ప్రాంతంలో రాత్రి చప్పుడు నలభై అయిదు డెసిబెల్స్ దాటకూడదని, వ్యాపార ప్రాంతంలో యాభై అయిదు దాకా వుండొచ్చని 2000 నాటి నిబంధనలు. ఆ జనరేటరు ఏ నిబంధనా చదువుకున్నట్టు లేదు!

గేటు దగ్గర నిలబడ్డ ఒకావిడని పలకరించాను. ఆవిడ కష్టాలే చెబుతుందనుకున్నాను. “చప్పుడు నిజమేనండీ, మొదట్లో నిద్దరుండేది కాదు. కానీ ముందు గది టైలరింగ్ షాపుకిచ్చాను. నెల తిరిగేసరికి నా చేతికి నాలుగు డబ్బులొస్తాయి. రాత్రి ఏ వేళకొచ్చినా సందులో వెలుగుంటుంది, భయం లేదు” అంది. మావారు గర్వంగా నా వైపు చూశారు. నాకూ మనసు వూగిందనే చెప్పాలి. సొంత డబ్బు అన్న మాట మన చెవులకి ఎంత కమ్మగా వుంటుందో మీకు నేను చెప్పాలా?

ఆ వూపులోనే బయానా ఇవ్వడానికి వెళ్ళాం. మగవాళ్ళు హాల్లో లెక్కలు మాట్లాడుకుంటున్నారు. ఇల్లుగలావిడ నన్ను వంటింట్లోకి పిలిచి కాఫీ ఇచ్చింది. పెద్దావిడ, కొడుకు దగ్గరికి బెంగుళూరు వెళ్ళిపోతోంది.

“అమ్మాయీ, మొన్న మీ అత్తగారు ఆ కిటికీ దగ్గర కూర్చుంటే నాకు నిద్ర పట్టలేదమ్మా. ఈ ఇల్లు అమ్మగలను గాని, ఆ ఎండ అమ్మలేను. అది నాది కాదుగా” అంది మెల్లిగా.

గ్లాసు కింద పెట్టేశాను. రేపు పెరిగే రేటుకి ఈవాళే డబ్బు కడుతున్నాం. కాంప్లెక్స్ వస్తే ఎండ పోతుంది, రాకపోతే డబ్బు పోతుంది. మనం కొనేది వుండటానికా, అమ్మటానికా? అమ్మటానికైతే బోర్డు వరమే. మా అత్తగారు మాత్రం అమ్మటానికి కాదు కదా గడప అడిగింది!

దారిలో మావారితో ఇదే అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అమరావతి సంగతే చూడు” అన్నారు. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇక్కడే అనగానే ధరలకి రెక్కలొచ్చాయి. 2015లో శంకుస్థాపన. 2019లో మూడు రాజధానుల మాట వినబడగానే ఆ రెక్కలు విరిగాయి. 2025 మేలో మళ్ళీ పనులకి ప్రారంభోత్సవం. ‘వస్తుంది’ అన్న మాటని నమ్మి కొన్నవాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూశారో మా కళ్ళముందే వుంది.

చివరికి ఆ ఇల్లు వదులుకున్నాం. మూడు వీధులు లోపలికి వెళ్ళి నూట ఇరవై గజాల ఇల్లు కొన్నాం. వంటిల్లు చిన్నది. పెరడు లేదు. ముందు గది అద్దెకివ్వాలన్నా అడిగేవాళ్ళు లేరు. తూర్పున మాత్రం ఒక పాత పెంకుటిల్లు వుంది. అదీ ఎప్పుడో ఒకప్పుడు మేడ కాకపోదు. ప్రస్తుతానికి ఏడింటికల్లా అత్తగారి పాదాల మీదికి ఎండ వస్తోంది.

ఆ కాంప్లెక్స్ ఇంకా లేవలేదు. బోర్డు వెలిసిపోయింది. మావారు మాత్రం సాయంత్రం వాకింగుకని అటే వెళ్తారు. తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ, “ఇంకా పునాది కూడా తియ్యలేదోయ్” అంటారు. ఆ గొంతులో వున్నది సంతోషమో విచారమో నేను అడగను. కాఫీ కలిపి ఇస్తాను.