మా లాబ్రడార్‌కు క్లబ్బు అవసరమా?

మొన్న మన వనభోజనాల్లో మా లాబ్రడార్ గొలుసు లాగి అమ్మను కింద పడేయడం మీరంతా చూశారు. ఆ రాత్రే ఇంట్లో పంచాయితీ. ఎవరికైనా ఇచ్చేద్దామా, శిక్షణ క్లబ్బులో చేరుద్దామా?

కాల్చిన బాతుల్ని నీళ్లలోంచి నోట కరిచి తెచ్చే జాతి ఇది. 1972 చట్టం కింద వేట ఇప్పుడు నిషేధం, ఇంకా ఆ విద్యెందుకని వాదించాం. అయినా ఒక ఆదివారం చెన్నైలోనే ఒక క్లబ్బుకు వెళ్లి చూశాం. గుడ్డ బొమ్మ విసిరి, పొమ్మనేదాకా కుక్కను కూర్చోబెడుతున్నారు. మాకు కావలసింది ఆ ఆగడమే!

తప్పు మాదేనని అక్కడే తెలిసింది. అమ్మ 'రా' అంటుంది, పిల్లలు అరవంలో 'వా', మేము 'కమ్'. పాపం, అది ఎవరి మాట వింటుంది?

మూడు నెలలకు డబ్బు కట్టాం. ఇప్పుడు అందరిదీ 'రా' ఒక్కటే. కుక్క పుణ్యమా అని పిల్లల నోట తెలుగు పలుకుతోంది. గొలుసు మాత్రం అమ్మ చేతికి ఇంకా ఇవ్వలేదు.