నీలం ఉంగరం, అమీర్‌పేట ఫీజు

జాబ్ పోయిన రోజు సాయంత్రం నా దగ్గర రెండు వస్తువులు మిగిలాయి. ఒకటి, కార్డు తీసేసుకున్నాక మెడలో ఉండిపోయిన ఐడీ ట్యాగ్. రెండోది, మా టీమ్‌లో టెస్టింగ్ చేసే అన్న నా బ్యాగులో పెట్టిన కామిక్ పుస్తకం. "ఇక ఖాళీనే కదా చెల్లీ, చదువుకో" అన్నాడు. పదిహేను నిమిషాల ఆ మీటింగులో ఆయన జాబ్ కూడా పోయింది. అయినా జోకేశాడు. నాకు నవ్వు రాలేదు.

మాదాపూర్‌లో మాది త్రీ షేరింగ్ రూమ్. మిగతా ఇద్దరూ ఆఫీసుకి వెళ్లిపోతే పగలంతా నేనూ, ఫ్యానూ. నాలుగో రోజు ఆ పుస్తకం తీశా. పేరు 'బ్లాకెస్ట్ నైట్: టేల్స్ ఆఫ్ ద కార్ప్స్'. 2009లో డీసీ వాళ్లు మూడు సంచికలుగా వేసి, తర్వాత ఒకే పుస్తకం చేశారు. గ్రీన్ లాంటర్న్ ప్రపంచంలోని చిన్న చిన్న కథలు. ఆ పేరు నాకు 2011లో వచ్చిన ర్యాన్ రేనాల్డ్స్ సినిమా వల్లే తెలుసు. ఆ సినిమా చూసినవాళ్లు మళ్లీ ఆ కామిక్ జోలికి పోరు. నేనూ పోలేదు.

లెక్క ఏంటంటే, విశ్వంలో ఏడు రంగుల సైన్యాలున్నాయి. ఒక్కో రంగుకి ఒక్కో భావం బలం. కోపానికి ఎరుపు, అత్యాశకి నారింజ, భయానికి పసుపు, సంకల్పానికి ఆకుపచ్చ, ఆశకి నీలం, కరుణకి ఇండిగో, ప్రేమకి వయొలెట్. ఉంగరం పెట్టుకున్నవాడి మనసే దానికి కరెంటు. మన ఫోన్‌లాగే దానికీ చార్జింగ్ అయిపోతుంది, లాంతరు దగ్గరికెళ్లి మళ్లీ ఎక్కించుకోవాలి.

పసుపు దగ్గర మాత్రం నవ్వొచ్చింది. 1959లో హాల్ జోర్డాన్ అనే గ్రీన్ లాంటర్న్ వచ్చినప్పటి నుంచి చాలా ఏళ్లు ఆ ఉంగరం పసుపు రంగు మీద పనిచేసేది కాదు. అంటే మా అమ్మ పసుపు రాసిన గడప దగ్గర అంత పెద్ద హీరో ఆగిపోవాల్సిందే! మనకి శుభం, వాళ్లకి భయం. స్కూల్లో కూచిపూడి నేర్పిన టీచర్ చెప్పేవారు, నాట్యశాస్త్రంలో రసాలకి కూడా రంగులున్నాయని. అక్కడ భయానకం నలుపు, అద్భుతం పసుపు. రౌద్రం మాత్రం ఎరుపే. కోపం రంగు దగ్గర భరతుడికీ డీసీ వాళ్లకీ పేచీ లేదు.

ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. రెడ్ లాంటర్న్ ఉంగరం ఒకసారి వేలికెక్కితే గుండె పని కూడా అదే చేస్తుంది. తీసేస్తే ప్రాణం పోతుంది. జాబ్ పోయినవాళ్లమంతా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అచ్చం ఇంతే. మేనేజర్‌ని తిట్టడం, హెచ్‌ఆర్‌ని తిట్టడం, ఏఐని తిట్టడం. మూడు వారాలు నేను పొద్దున లేవగానే చూసింది అదే. తిడుతున్నంతసేపూ బతికున్నట్టు ఉండేది, ఫోన్ పక్కన పెడితే ఒంట్లో ఏమీ మిగిలేది కాదు. గ్రూపులోంచి బయటికి రావడానికి భయమేసింది కూడా.

పుస్తకంలో నన్ను పట్టుకున్నది సెయింట్ వాకర్ కథ. అతని గ్రహానికి ఉన్న సూర్యుడు చచ్చిపోతుంటాడు. కొండ మీద రక్షకుడు ఉంటాడని నమ్మి, ఇంటిల్లిపాదినీ తీసుకుని ఎక్కడం మొదలుపెడతాడు. దారిలో ఒక్కొక్కరే పోతారు. చివరికి ఒంటరిగా శిఖరం చేరితే, అక్కడ ఎవరూ ఉండరు. ఎవ్వరూ! ఆ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయా. తర్వాత అతను కిందికి దిగి, భయంతో కొట్టుకుంటున్న జనానికి తానే ధైర్యం చెబుతాడు. నీలం ఉంగరం అలాంటివాడికి దక్కుతుంది.

కానీ ఆ ఉంగరానికో తిరకాసు ఉంది. దగ్గర్లో ఆకుపచ్చ ఉంగరం లేకపోతే అది ఎగరడానికీ, చుట్టూ చిన్న కవచం కట్టడానికీ తప్ప దేనికీ పనికిరాదు. పక్కన సంకల్పం ఉంటేనే ఆశకి బలం. ఇది చదివి పుస్తకం మూసేశా. ఎందుకంటే నేను అప్పటికి నెలన్నరగా చేస్తున్నది సరిగ్గా ఇదే. లింక్డిన్‌లో ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగు పెట్టుకుని కూర్చున్నా, 'ఓపెన్ టు వర్క్' అని. రంగు ఆకుపచ్చే, లోపల ఉన్నది మాత్రం ఉత్త నీలం. ఎవరో ఫోన్ చేస్తారు, ఏదో అవుతుంది అని. రాత్రి ఎనిమిదికి సూర్యాపేట నుంచి నాన్న ఫోన్.

"తిన్నవా బిడ్డా? ఆఫీసుల పని ఎట్లుంది?"

"మంచిగనే ఉంది నాన్నా."

నలభై రోజులు ఇదే అబద్ధం. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి నన్ను బీటెక్ చదివించిన మనిషికి.

మర్నాడు మాదాపూర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కా. మాదాపూర్, హైటెక్ సిటీ, రాయదుర్గం మీదుగా వెళ్లేది బ్లూ లైనే, గమనించారా? పొద్దున జనమంతా రాయదుర్గం వైపు కిక్కిరిసి వెళ్తుంటే, నేను ఎదురు దిక్కులో అమీర్‌పేటకి. ఐదేళ్ల కింద ఇదే మైత్రీవనం దగ్గర జావా నేర్చుకుని ఐటీలోకి వెళ్లా. మళ్లీ అదే ఫుట్‌పాత్, అవే జెరాక్స్ షాపులు, చేతిలో కుక్కుతున్న అవే పాంప్లెట్లు. ఇప్పుడు వాటి మీద డేటా ఇంజినీరింగ్, జెన్ ఏఐ అని ఉంది. ఒక కుర్రాడు పాంప్లెట్ ఇస్తూ "ఫ్రెషరా మేడమ్?" అన్నాడు. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే వెనక్కి తిరిగి రెండడుగులు వేశా కూడా. గ్రీన్ లాంటర్న్ అంటే భయం లేనివాడు కాదు, భయాన్ని దాటగలిగినవాడు అని కొత్త కథల్లో మార్చారు. బాగుంది కానీ, దాటేటప్పుడు అంత చెమట పడుతుందని ఎక్కడా గీయలేదు.

ఫీజు కట్టడానికి డబ్బులు చాలవు. అందుకే నాన్నకి చెప్పాల్సి వచ్చింది. ధైర్యం వచ్చి చెప్పలేదు, ఆ మాట ఇక్కడే ఒప్పుకుంటున్నా. ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం ఫోన్ చేశా. ఆ టైంలో నేనెప్పుడూ చేయను కాబట్టి ఎత్తగానే "ఏమైంది?" అన్నాడు. మొత్తం చెప్పా. అటువైపు కాసేపు ఏ మాటా లేదు. బస్సు హారన్ ఒకటి వినిపించింది.

"నలభై దినాలు ఒక్కదానివే మోస్తున్నవా?" అన్నాడు. తర్వాత కోప్పడ్డాడు. జాబ్ పోయినందుకు కాదు, చెప్పనందుకు. గట్టిగానే తిట్టాడు. తిట్టి, "ఫీజెంత?" అని అడిగాడు.

క్లాసు పొద్దున ఏడింటికి. సార్ పుస్తకంలోని కిలోవాగ్ టైపు, కొత్త లాంటర్న్‌లకి ట్రైనింగ్ ఇచ్చే ఆ భారీ శాల్తీ. తప్పు చేస్తే అరుస్తాడు, క్లాసయ్యాక అరగంట ఉండి చెప్తాడు. నా పక్కన కూర్చునే అమ్మాయి నాకంటే ఐదేళ్లు చిన్నది, అక్కా అంటుంది. నాకు రానిది ఆమెకొచ్చు, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో నాకు తెలుసు. ఇద్దరం నోట్సులు మార్చుకుంటాం.

జాబ్ ఇంకా రాలేదు. గురువారం రాయదుర్గంలో ఒక ఇంటర్వ్యూ ఉంది. అన్న బెంగళూరు వెళ్లిపోయాడు, పుస్తకం ఎప్పుడు తిరిగిస్తావని మెసేజ్ పెట్టాడు. నా రూమ్మేట్ చదువుతోంది, ఇంకా నారింజ రంగు దగ్గరే ఉంది, ఆగమన్నా.