మెరక లెక్క

ముదినేపల్లిలో స్థలం కొన్నవాణ్ణి 'ఎన్ని సెంట్లు?' అని అడిగి ఎవరూ ఊరుకోరు. 'ఎన్ని ట్రక్కుల మెరక పడుతుంది?' అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. గుడివాడ నుంచి కైకలూరు దాకా అంతా బల్లపరుపు నేల. ఇటు కృష్ణ, అటు గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మేటల నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో పడతాయి. పడిన నీళ్లు సముద్రానికి చేరాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుకే మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు నేలను లేపాలి. రోడ్డు వేసినప్పుడల్లా అది కాస్త పెరుగుతుంది, పాత ఇళ్ల అరుగులు ఆ మేరకు తరుగుతాయి. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు మెట్లు దిగి వెళ్తున్నాం.

ఇలాంటి ఊళ్లో కూరమొక్కలకు ఎత్తుమడి కడతానంటే నవ్వేవాళ్లు ఉంటారు. మట్టి తోలడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరే ముందు నవ్వాడు. "ఇంటికంటే సరేనండి, వంగమొక్కలక్కూడా మెరకేంటండీ?" అన్నాడు. అతను మాత్రం మిరపనారు పోసేటప్పుడు జానెడు ఎత్తున మడి కట్టడా? చేపల చెరువు గట్టు మీద కొబ్బరి, అరటి అంత ఏపుగా పెరిగేది గట్టు ఎత్తుగా ఉండబట్టే కదా? నారుకు జరిగిన మర్యాద పెరటి మొక్కకు జరగలేదు, అంతే తేడా.

మా నల్లరేగడి వానకు ఉబ్బి చెప్పులు ఊడబీకుతుంది, ఎండకు బీటలిచ్చి వేళ్లు తెంపుతుంది. వరికి ఇంతకన్నా మంచి నేల దొరకదు. టమాటా, మిరప, వంగలకు మాత్రం వేళ్ల దగ్గర గాలి ఆడాలి. ఆశ్వయుజ కార్తీకాల్లో వాయుగుండం పట్టి పెరట్లో నీళ్లు నిలిచాయంటే, ముసురులో పచ్చగానే కనిపించిన మొక్క ఎండ కాయగానే తల వాలుస్తుంది. వేళ్లకు ఊపిరాడక వాలిన మొక్కను చూసి, దాహమనుకుని మరో చెంబు పోసేవాళ్లూ ఉన్నారు. అన్నిటికీ ఎత్తు అక్కర్లేదు. చేమకు తడి నేలే ఇష్టం, బచ్చలి చిత్తడికి బెదరదు. వాటిని కిందే ఉండనివ్వడం మేలు.

మడి వెడల్పు నాలుగడుగులు దాటకూడదు. రెండువైపుల నుంచీ చెయ్యి నడిమికి అందాలి, లోపల కాలు పెట్టే పని ఉండకూడదు. పొడవు స్థలాన్ని బట్టి. ఎత్తు అడుగున్నర ఉంటే చాలు. చుట్టూ సిమెంటు దిమ్మెలో పాత ఇటుకలో పేర్చుకోవచ్చు. నా మనసు మాత్రం తాటి పట్టెల మీదే. ముదిరిన తాటి చేవకు చెద తొందరగా పట్టదు, పెంకుటిళ్లు విప్పేచోట పాత దూలాలు దొరుకుతాయి. కొబ్బరి మొద్దు తడికి త్వరగా పుచ్చిపోతుంది. అడుగున గచ్చు చేయకూడదు. గునపంతో నేలను గుల్ల చేసి వదిలేస్తే, పైకి రావలసిన వానపాములు అవే వస్తాయి.

కట్టడం ఒక పూట పని, అసలు విద్య నింపడంలో ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న మడికి 48 ఘనపుటడుగుల సరుకు కావాలి. ట్రాక్టరు ట్రక్కులో సుమారు వంద పడుతుంది కనుక ఒక ట్రక్కు మట్టితో రెండు మడులు నిండిపోతాయి. కానీ ఆ మట్టి ఎక్కడిదో అడగాలి. చేపల చెరువు ఎండగట్టి తీసినదైతే మేతా పెంటా కలిసి బలంగా ఉంటుంది. రొయ్యల చెరువుదైతే ఉప్పు తగులుతుంది. ఏదైనా సరే, ముందు ఒక డబ్బాలో పోసి నాలుగు తోటకూర గింజలు చల్లి చూడాలి. మొలక మాడితే ఆ ట్రక్కును గేటు దగ్గరే తిప్పి పంపాలి.

సగం మడికి అసలు మట్టే అక్కర్లేదు. అడుగున కొబ్బరి డొక్కలు, విరిగిన కొమ్మలు, ఎండుమట్టలు వేయాలి. వాటి మీద ఆకులు, గడ్డి, బాగా చివికిన పశువుల ఎరువు పరవాలి. పైన ముప్పావు అడుగు మాత్రం మట్టి, ఎరువు, కాస్త ఇసుక కలిపి పోస్తే సరి. జర్మనీ, ఆస్ట్రియాల్లో మొద్దుల మీద మట్టి కప్పి కూరగాయలు పండించేదీ ఈ పద్ధతిలోనే. రైసుమిల్లు ఊక కొద్దిగా కలిపితే రేగడి గుల్లబారుతుంది. ఊక బూడిదతో జాగ్రత్త. దానికి క్షారగుణం ఉంది, మన నేలకు అది ముందే ఎక్కువ.

ఇక కాలువలనిండా ఉన్న గుర్రపుడెక్క. దాన్ని ఒడ్డుకు లాగి, ఎండబెట్టి, కుప్పలో మాగనిస్తే మంచి ఎరువవుతుంది. బంగ్లాదేశ్ దక్షిణాది రైతులు దాన్నే నీళ్ల మీద తెప్పలా పేర్చి, ఆ తెప్ప మీద నారు పెంచి కాయగూరలు కాయిస్తారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. మెక్సికో నగరం అంచున షోచిమిల్కోలో సరస్సు బురద ఎత్తిపోసి కట్టిన చినాంపాలు వందల ఏళ్లుగా పండుతున్నాయి. చుట్టూ నీళ్లున్న దిబ్బల మీద బతకడం మన కొల్లేటి లంకలకూ కొత్త కాదు.

అయితే మెరకకు ఒక లెక్క ఉంది. ఇక్కడ ఒక బుట్ట మట్టి లేచిందంటే మరెక్కడో అంత గుంట పడింది. ఇక్కడ నిలవని నీరు ఇంకెక్కడో నిలుస్తుంది. కొల్లేరు కథంతా ఈ లెక్కే. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన అయిదో కాంటూరు వరకూ, అంటే 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యమైంది. ఆ హద్దులో లేచిన చేపల చెరువుల గట్లను 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ప్రభుత్వమే కొట్టించింది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు, ఆ తర్వాత కొల్లేటికి దిగి లంక గ్రామాలను చుట్టుముట్టింది. ఎవరి గట్టు వాళ్లు లేపుకుంటే నీరు గట్టు లేనివాడి గుమ్మం వెతుక్కుంటుంది.

పెరటికీ ఇదే న్యాయం. నేను మడికి తాడు పట్టి కొలుస్తుంటే పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "మడి సరే నాయనా, నీళ్లెటు పంపుతున్నావు?" అన్నారు. ఏ తోటపని పుస్తకంలోనూ నాకు కనబడని ప్రశ్న అది. మడి చుట్టూ బోదె తీసి వీధి కాలువకు కలిపాకే గోడ లేచింది.

ఎండాకాలం కష్టం వేరు. కాలువలు కట్టేస్తారు, బోరు నీళ్లు ఉప్పన, ఎత్తుమడి నేలకన్నా ముందే ఆరిపోతుంది. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి మందంగా కప్పి, సాయంత్రం పూటే నీళ్లు పెట్టాలి.

ఆకుతో నింపిన మడి ఏటా దిగిపోతుంది. అది లోటని చాలామంది అంటారు, నా లెక్కలో అదే దాని గుణం. మట్టి మెరక ఒకసారి తోలితే మరిచిపోతాం. ఆకుల మెరకకు ప్రతి ఏడూ మన ఇంటి తుక్కే మేత. దాని కోసం ఇంకొకరి నేలలో గుంట తవ్వక్కర్లేదు. మడి కట్టాలనుకునేవారు ట్రాక్టరుకు ఫోన్ చేసేముందు దొడ్లో రాలిన ఆకు ఎంతుందో చూసుకోండి. విత్తనాల పొట్లం కొనేముందు, మామ్మగారి ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి.