ఎవరమ్మాయి?

ఉగాది కార్యక్రమంలో పట్టుపరికిణీ కట్టుకున్న ఆడపిల్ల ఎదురైతే మన పెద్దవాళ్లు మొదట అడిగే మాట, "నువ్వు ఎవరమ్మాయివమ్మా?" అని. పేరు ఆ తర్వాత. పెళ్లయి తిరిగొస్తే అదే ప్రశ్న "ఎవరి కోడలివి?" అవుతుంది. తప్పు పట్టడానికి రాయడం లేదు. ఊరుగాని ఊళ్లో స్థిరపడ్డ వాళ్లం, ఇంటిపేరు తెలిస్తే గాని మనకి మాట ముందుకి సాగదు. అయితే నూరేళ్ల క్రితం ఇదే బొంబాయిలో ఒక అమ్మాయి ఉండేది. ఆమె ఎవరమ్మాయో ఊరందరికీ తెలుసు, తర్వాత ఎవరి భార్యో దేశమంతటికీ తెలుసు. తానెవరో మాత్రం ఆమెకి తేలలేదు. ఆమె సంగతి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పేరు రతన్‌బాయి పెటిట్. అందరూ రట్టీ అనేవారు. మన ఇళ్లలో రత్నం, రత్తమ్మ ఎలాగో అలాగే. 1900 ఫిబ్రవరి 20న పుట్టింది. తండ్రి సర్ దిన్‌షా పెటిట్, పార్సీ, బారొనెట్. అంటే వంశపారంపర్యంగా వచ్చే 'సర్' బిరుదు. వాళ్ల ఆస్తి బట్టల మిల్లులది. బొంబాయిలో మిల్లు పరిశ్రమకి పునాదులు వేసిన కుటుంబాల్లో పెటిట్లది ఒకటి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలీలు తరతరాలుగా ఈ నగరం మిల్లుల్లో సాంచాల దగ్గర నిలబడి పనిచేసినవాళ్లే. కనుక మలబార్ హిల్ మీది ఆ సంపదకీ, వర్లీ చాళ్లలోని మన తాతలకీ మధ్య ఒక నూలుపోగు ఉందనే అనుకోవాలి.

రట్టీ పెరిగింది ఆ మలబార్ హిల్ మీది పెటిట్ హాల్‌లో. పుస్తకాలు, కవిత్వం, గుర్రపు స్వారీ, కుక్కలు, పిల్లులు, పార్టీలు. తల్లో పూలు, ఒంటిమీద పల్చటి పట్టుచీరలు. ఆ రోజుల్లో బొంబాయి పెద్దింటి విందులన్నిటిలోనూ ఆమె మాటే వినబడేదట.

ఈ కథ చెబుతుంటే మా పెద్దత్తగారు మధ్యలో అడ్డొచ్చారు. "అంత ఉన్న పిల్లకి బాధేమిటి నాయనా? లేనివాళ్లకి కదా బాధలు" అన్నారు. తీసి పారేసే ప్రశ్న కాదది. నేను ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో ఉన్నవాణ్ని, నాకు తోచింది చెప్పాను. మైనరు ఖాతా ఉంటుంది. డబ్బు పిల్లదే, పేరూ పిల్లదే. సంతకం మాత్రం గార్డియన్‌ది. పద్దెనిమిది నిండిన రోజున ఆ పిల్ల స్వయంగా వచ్చి నమూనా సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఖాతాలో ఎన్ని లక్షలున్నా ఆ పిల్ల చెయ్యి దానిమీద లేనట్టే. రట్టీ బతుకు పద్దెనిమిదో ఏటి దాకా అలాంటి ఖాతా. ఆ తర్వాత కూడా పూర్తిగా ఆమె చేతికి వచ్చిందని చెప్పలేను.

1916 వేసవిలో పెటిట్ కుటుంబం డార్జిలింగ్ వెళ్లింది. వాళ్లతోపాటు ఇంటి స్నేహితుడు, పేరున్న బారిస్టరు మహమ్మద్ అలీ జిన్నా కూడా వెళ్లాడు. రట్టీకి పదహారు. జిన్నాకి నలభై దగ్గర పడుతోంది, దాదాపు ఆమె తండ్రి ఈడు. తర్వాత జరిగిన సంభాషణని జస్టిస్ ఎం.సి. ఛాగ్లా తన జ్ఞాపకాల్లో రాశారు. మతాంతర వివాహాల మీద మీ అభిప్రాయమేమిటని జిన్నా అడిగాడట. జాతి సమైక్యతకి చాలా మేలు అని సర్ దిన్‌షా సెలవిచ్చాడట. అయితే మీ అమ్మాయిని నాకిచ్చి చెయ్యండి అన్నాడట జిన్నా. ఇక చూసుకోండి! పెద్దమనిషి మండిపడి హైకోర్టుకెళ్లి, పిల్ల మైనరు కనుక ఈ పెళ్లి కూడదని ఉత్తర్వు తెచ్చాడు.

ఇక్కడ కాస్త ఆగి ఇంకో విషయం చెప్పాలి. ఆర్.డి. టాటా ఫ్రెంచి భార్య జొరాస్ట్రియన్ మతం పుచ్చుకుంది. ఆమెకి పార్సీల ధర్మనిధుల మీద, మందిరాల మీద హక్కుంటుందా లేదా అని బొంబాయి హైకోర్టులో పెద్ద దావా నడిచి, 1908లో తీర్పు వచ్చింది. మతం మారవచ్చు గాని, పార్సీ అనేది పుట్టుకతో రావలసిందే అన్నారు జడ్జీలు. తండ్రి పార్సీ అయితే పరాయి తల్లికి పుట్టిన పిల్లలకి మాత్రం తలుపు తెరిచే ఉంచారు. ఆ దావాలో వాదుల పక్షాన మొదటి పేరు సర్ దిన్‌షా పెటిట్‌దే. బయటినుంచి వచ్చిన కోడలి కోసం కోర్టుకెక్కిన మనిషే బయటికి వెళ్లబోయిన కూతురి మీద కోర్టుకెక్కాడు. ఆ ఫ్రెంచి ఇల్లాలి కూతురే, అంటే జె.ఆర్.డి. టాటా సోదరి, తర్వాత రట్టీ తమ్ముణ్ని చేసుకుని పెటిట్ల ఇంటి కోడలైంది. వచ్చేవాళ్లకి ఒక తక్కెడ, పోయేవాళ్లకి ఇంకో తక్కెడ. ఇది పార్సీల ఒక్కరి సంగతే అనుకోకండి.

రట్టీ రెండేళ్లు ఆగింది. 1918 ఫిబ్రవరి 20న పద్దెనిమిది నిండాయి. ఏప్రిల్ 18న ఇస్లాం మతం పుచ్చుకుంది, మరునాడు జిన్నా ఇంట్లో నికాహ్ అయింది. కాగితం మీద ఆమె పేరు మర్యమ్. అయినా స్నేహితులకి ఆమె ఎప్పటికీ రట్టీయే.

మతం మారకుండా పెళ్లి చేసుకునే దారి లేదా అంటే, 1872 నాటి చట్టం ఒకటుంది. దాని కింద చేసుకోవాలంటే హిందూ, ముస్లిం, పార్సీ మొదలైన మతాలేవీ మావి కావని ఇద్దరూ రాసివ్వాలి. ఆ షరతు సడలించాలని 1912లో భూపేంద్రనాథ్ బసు బిల్లు తెస్తే శాసనమండలిలో జిన్నా బలపరిచాడు. బిల్లు నెగ్గలేదు. ముస్లిం స్థానం నుంచి ఎన్నికైన జిన్నా నేను ముస్లింని కానని రాసిస్తే రాజకీయంగా నిలవలేడు. అందుకని రాసిచ్చే వంతు ఆ పద్దెనిమిదేళ్ల పిల్లదయింది.

ఆ చట్టం కిందే ఇరవై ఏళ్ల ముందు, 1898లో, మద్రాసులో ఒక పెళ్లి జరిగింది. వధువు బెంగాలీ బ్రాహ్మల అమ్మాయి సరోజిని, వరుడు డాక్టర్ గోవిందరాజులు నాయుడు. జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. పెళ్లికూతురి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ అడ్డు చెప్పలేదు. ఇంటి తలుపు మూసుకోలేదు గనుక సరోజినీదేవికి తానెవరన్న ప్రశ్న ఎప్పుడూ అంత పెద్దది కాలేదని నాకనిపిస్తుంది.

రట్టీ కథలోకి హైదరాబాదు వచ్చింది ఈ సరోజినీదేవి ద్వారానే. ఆమె బొంబాయి వస్తే తాజ్‌మహల్ హోటల్లో దిగేది. రట్టీకి అమ్మలాంటి స్నేహితురాలు. ఆమె కూతుళ్లు పద్మజ, లీలామణి ఉండేది హైదరాబాదులో, నాంపల్లి దగ్గర గోల్డెన్ త్రెషోల్డ్ ఇంట్లో. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. పద్మజ కూడా 1900లో పుట్టిందే, రట్టీ ఈడుది. పుట్టింటివాళ్లు తెగతెంపులు చేసుకున్నాక, పార్సీ స్నేహితులు మొహం చాటేశాక, రట్టీ మనసు విప్పింది ఈ అక్కచెల్లెళ్లకి రాసిన ఉత్తరాల్లోనే. ఆ ఉత్తరాలు ఢిల్లీలో ఒకప్పటి నెహ్రూ మెమోరియల్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి ఆధారంగా షీలా రెడ్డి 2017లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. వీలున్నవాళ్లు తప్పక చదవండి.

పెళ్లయిన కొత్తలో ఆమె చురుకు చూడాలి. 1918 డిసెంబరు 11న గవర్నర్ విల్లింగ్డన్‌కి స్మారకం కట్టాలని టౌన్‌హాల్‌లో సభ పెడితే, జిన్నా మనుషులు ముందే వెళ్లి కూర్చుని అది సాగకుండా చేశారు. ఆ గొడవలో రట్టీ కూడా భర్త పక్కనే ఉంది. బొంబాయి జనం తలా ఒక రూపాయి వేసి జిన్నా పేరిట ఒక హాలు కట్టారు. లామింగ్టన్ రోడ్డు దగ్గర కాంగ్రెస్ హౌస్ ఆవరణలో ఉంది. ఇంకో ముచ్చట చాలామంది చెప్పుకుంటారు. వైస్రాయ్‌కి అందరూ వంగి సలాము చేస్తే రట్టీ నమస్కారం పెట్టిందట. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు మర్యాద పాటించాలమ్మా అని ఆయన హితవు చెప్పబోతే, నేను చేసింది సరిగ్గా అదేనండీ, ఇండియాలో ఉన్నాను గనుక ఇండియా పద్ధతిలో పలకరించాను అన్నదట.

ఇంత జవాబు చెప్పగల పిల్లకి రోజంతా చెయ్యడానికి పని లేదు. నాకు అసలు చిక్కు అక్కడే కనబడుతుంది. జిన్నాకి కోర్టు, పేపర్లు, రాజకీయం. తెల్లవారితే ఫైళ్లు. ఆమెకి పెద్ద ఇల్లు, నౌకర్లు, కారు, చెక్కుబుక్కు. కొనుక్కోవడానికి అన్నీ ఉన్నాయి. ఫలానా పని రట్టీది, రట్టీ లేకపోతే ఆగిపోతుంది అనదగ్గది ఒక్కటీ లేదు. దివ్యజ్ఞాన సమాజం వైపు మళ్లింది. ఆత్మలతో మాట్లాడే బల్లల చుట్టూ కూర్చుంది. జంతువుల బాధ చూడలేకపోయేది. అది వాళ్ల వంశంలోనే ఉందేమో, పరేల్‌లోని పశువుల ఆసుపత్రి బాయి సాకర్‌బాయి దిన్‌షా పెటిట్ పేరు మీదే ఉంది. స్నేహితుడు కాంజీ ద్వారకాదాస్ ఆమె మీద రాసిన పుస్తకంలో ఈ వెతుకులాటంతా కనిపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి పట్టుకోవడం, వదిలెయ్యడం. ఆ మూడో నాలుగో వాటిలో ఏదో ఒకటి ఇంకో పదేళ్లు దొరికి ఉంటే నిలిచేదేమో.

1919 ఆగస్టు 15న లండన్‌లో కూతురు పుట్టింది. చాలా ఏళ్లదాకా ఆ పాపకి పేరే పెట్టలేదని షీలా రెడ్డి రాశారు. తన పేరే తేల్చుకోలేని తల్లి పిల్లకి ఏం పేరు పెడుతుంది? చివరికి ఆ పిల్లకి అమ్మమ్మ దిన్‌బాయి పేరే వచ్చింది, దీనా అని.

1928 జనవరిలో రట్టీ భర్త ఇల్లు వదిలి తాజ్ హోటల్లో గది తీసుకుంది. ఆ ఏడే తల్లితో పారిస్ వెళ్లి అక్కడ జబ్బుపడింది. అంటే తల్లి తలుపు అప్పటికి తెరుచుకుంది. కబురు తెలిసి జిన్నా ఐర్లండ్ నుంచి పరుగున వచ్చి ఆసుపత్రిలో పక్కనే ఉన్నాడు. అయినా తిరిగి కలవలేదు. 1929 ఫిబ్రవరి 20న, సరిగ్గా ఇరవై తొమ్మిది నిండిన రోజున, బొంబాయిలో చనిపోయింది. మజ్‌గాఁవ్ ఖోజా శ్మశానంలో జిన్నా కళ్లలో నీళ్లు కనిపించాయని, ఆయన చలించడం చూసింది ఆ ఒక్కసారేనని ఛాగ్లా రాశారు. ఆమె ఈడుదైన పద్మజ 1956లో పశ్చిమ బెంగాల్ గవర్నరయి పదేళ్లకి పైగా చేసింది.

మన పత్రికకి ఇదంతా ఎందుకు రాశానంటే, మనకీ కుటుంబాల డైరెక్టరీలు ఉన్నాయి. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని ఇళ్లలో ఆడపిల్ల పేరు ఒక ఏడాది నుంచి కనబడదు. పోయిందా అంటే లేదు, నిక్షేపంగా ఉంది. మరాఠీవాళ్లని చేసుకుంది, లేదా ఒడియావాళ్లని, లేదా వేరే మతంవాళ్లని. అబ్బాయి చేసుకొస్తే మాత్రం కోడలి పేరు ఇంటిపేరుతో సహా ఎక్కుతుంది. 1908 నాటి తీర్పుకీ మన డైరెక్టరీకీ తేడా నాకు కనబడలేదు. వచ్చే కూర్పు వేసేటప్పుడు ఆ పేర్లు తిరిగి చేర్చాలని కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చాను. మా పెద్దత్తగారు కూడా సంతకం పెట్టారు, ముందు కాస్త సణిగినా.

దీనా సంగతి కూడా చెప్పేస్తాను. 1938లో ఆమె నెవిల్ వాడియాని చేసుకుంటానంటే అడ్డుపడింది ఎవరనుకున్నారు? జిన్నాయే. అయినా 1939లో రాసిన వీలునామాలో రెండు లక్షలు విడిగా పెట్టి, ఆరు శాతం చొప్పున నెలకి వెయ్యి రూపాయలు కూతురికి ఇవ్వమన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. దేశం రెండయ్యాక దీనా ఇటే ఉండిపోయింది, చివరి రోజులు న్యూయార్క్‌లో గడిచాయి. 2004లో క్రికెట్ మ్యాచ్ చూడటానికి పాకిస్తాన్ వెళ్లి, కరాచీలో తండ్రి సమాధి దర్శించింది. అక్కడి గదిలో ఉన్న చిత్రాల్లో మూడింటికి కాపీలు కావాలని అడిగింది. అందులో ఒకటి తల్లిది.