పదహారు రెట్ల సూర్యుడు

పంజాగుట్టలో ఓ అపార్ట్‌మెంట్ డాబా. ఆదివారం పొద్దున ఎనిమిది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్న మనవడు చిన్న టెలిస్కోపు బిగిస్తున్నాడు. పక్కనే కుర్చీలో నానమ్మ. మర్నాడే ఆమెకు శుక్లాల ఆపరేషన్. ఈలోపే చూసెయ్యాలని ఆమె పంతం. చిన్నప్పుడు నిజామియా అబ్జర్వేటరీ గుమ్మటం చూసుకుంటూ బడికెళ్లేది. 1901లో నవాబు జఫర్ జంగ్ పెట్టిన ఆ వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. ఆమె లోపలికి మాత్రం ఏనాడూ అడుగుపెట్టలేదు.

ఇది హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోపు. 656.28 నానోమీటర్ల ఎర్రటి వెలుగునే రానిస్తుంది. (ఇలాంటి ఫిల్టర్ లేని టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూశారో, కళ్లు పోతాయి!) దీని నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు, కటకం వెడల్పు 40.

కుర్రాడు ముందు 5 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టాడు. 400ని 5తో భాగిస్తే 80 రెట్లు. ఎన్ని రెట్లయితే అంత గొప్పనుకోవడం మనందరికీ ఉన్నదే! కానీ కంట్లోకి చేరే కాంతిపుంజం అర మిల్లీమీటరుకు సన్నబడింది. బొమ్మ మసకేసింది. కంట్లో తేలే నలకలన్నీ బయటపడ్డాయి.

"ఈగలు కనిపిస్తున్నాయిరా!"

10 మిల్లీమీటర్లది పెడితే వెలుగు బాగుంది. కానీ కన్ను బాగా దగ్గరికి ఆనించాలి. కళ్లజోడు అడ్డం. తీసేస్తే ఆమెకు ధైర్యం చాలదు.

చివరికి 25. పదహారు రెట్లే. బఠాణీ గింజంత సూర్యుడు... అయితేనేం, జోడుతోనే నిండుగా కనిపించాడు. అంచున చిన్న ఎర్ర తోక. అందులో మన భూమి అవలీలగా పట్టేస్తుంది.

"పెద్దది పెట్టనా నానమ్మా?"

"ఉండరా, కదపకు."