మిగులు చేతులు ఎవరివి?

మేమిద్దరం ఏజెన్సీ ఊళ్ల నుంచి చదువు కోసం మైదానానికి వచ్చినవాళ్లం. ఇప్పుడు ఎం.ఏ. ఎకనామిక్స్ పిల్లలకు అభివృద్ధి అర్థశాస్త్రం పేపరు చెరో సగం చెబుతున్నాం. ఒక్క పాఠానికి మాత్రం ఇద్దరం కలిసే క్లాసుకు వెళ్తాం. అది ఆర్థర్ లూయిస్ 1954లో రాసిన వ్యాసం.

పాఠం సారాంశం ఇది. పేద దేశంలో రెండు రంగాలుంటాయి. ఒకటి కూలి ఇచ్చి, లాభం కోసం నడిపే పెట్టుబడి రంగం. రెండోది తిండి గడవడానికి చేసుకునే జీవనాధార రంగం. రెండోదాంట్లో భూమి తక్కువ, చేతులు ఎక్కువ. అక్కడి నుంచి కొందరు వెళ్లిపోయినా పంట తగ్గదు. వాళ్ల ఉపాంత ఉత్పాదకత దాదాపు సున్నా. వాళ్లే మిగులు శ్రమ. వాళ్లు ఫ్యాక్టరీలకు వెళ్తే దేశం ఎదుగుతుంది.

మేము చదువుకునే రోజుల్లో దీన్ని బట్టీపట్టి, పటం గీసి, మంచి మార్కులే తెచ్చుకున్నాం. పరీక్షలు రాసి ఇంటికి పోతే, తెల్లవారకముందే అమ్మ బుట్ట తీసుకొని ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లిపోయేది. ఆమెనే మిగులు అని రాసి వచ్చామని అప్పుడు మాకు తట్టలేదు. తట్టిన రోజున సిగ్గేసింది.

ఒక ఏడాది ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక కోయ అమ్మాయి లేచి, "సార్, అయితే మా నాయనమ్మ మిగులేనా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ సెలవులకు అందరికీ ఒక పని ఇచ్చాం. మీ ఇంట్లో ఎవరు ఏ నెలలో ఏ పని చేస్తారో పట్టిక రాసుకొని రండి అన్నాం.

ఆ అమ్మాయి పట్టికలో నాయనమ్మ వరుస ఇలా ఉంది. చలి తగ్గాక చింతపండు కొట్టి గింజ తీయడం. ఎండలు మొదలైతే ఇప్పపువ్వు. ఆ తర్వాత తునికాకు కోసి కట్టలు కట్టడం. వానలకు పోడులో విత్తడం, కలుపు తీయడం. కంకి పడ్డాక పిట్టల కావలి. ఏడాది పొడుగునా నీళ్లు, కట్టెలు, మనవళ్లు. పొలంలో పని లేని నెలలు నిజంగానే ఉన్నాయి. అంతవరకు లూయిస్ చెప్పింది తప్పు కాదు. కానీ ఆ నెలల్లోనే అడవి పని ఉంది. పొలాన్ని ఒక్కదాన్నే లెక్కపెడితే ఆ చేతులు ఖాళీగా కనిపిస్తాయి.

ఇంకో అబ్బాయి, అన్న హైదరాబాదు కట్టడం పనికి వెళ్లిన ఏడాది రాత్రి కావలికి మనిషి లేక జొన్న సగం పందుల పాలైందని రాశాడు. అప్పుడు మేము షుల్జ్ వాదన చెప్పాం. 1918-19లో ఇన్‌ఫ్లూయెంజాతో మన దేశంలో లక్షలాది మంది పోయినప్పుడు సాగు కూడా తగ్గింది కాబట్టి, పొలంలో మిగులు చేతులు లేవని ఆయన వాదించాడు. లూయిస్‌కూ, షుల్జ్‌కూ 1979లో నోబెల్ బహుమతి కలిపే ఇచ్చారు. లూయిస్ కూడా సెయింట్ లూసియా అనే చిన్న వలస దీవిలో పుట్టిన నల్లజాతి మనిషి. పేదలను చిన్నచూపు చూడడానికి ఆయన ఆ వ్యాసం రాయలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ పుస్తకాన్ని పారేయమని మేము చెప్పడం లేదు. క్షుణ్ణంగా చదవండి, పరీక్షలో బాగా రాయండి. దాని పక్కనే మీ ఇంటి పట్టిక కూడా పెట్టుకోండి. తోటి టీచర్లకూ మాదొక మాట. పాఠం చెప్పేముందు ఆ పట్టిక రాయించి చూడండి.

సెలవులయ్యాక ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. పట్టిక రాశాక నాయనమ్మకు చదివి వినిపించిందట. ముసలామె అంతా విని, "వాగులో చేపలు పట్టేది రాయలేదేమే?" అని అడిగిందట. ఆ అమ్మాయి నవ్వుతూ కాగితం మా చేతికిచ్చింది. చివర్లో వేరే సిరాతో ఇంకో గడి గీసి ఉంది.