నీటి కింది వాకిలి

మా ముక్తేశ్వరం వాళ్ళకు పడవెక్కడం వినోదం కాదు. గౌతమి దాటి కోటిపల్లి పోవడానికి అదొక బాట. అటువంటి నేను పిల్లల పోరు పడలేక, టిక్కెట్టు కొనుక్కుని మరీ పాపికొండలకు లాంచీ ఎక్కాను.

గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఎందరో పోయిన సంగతి మరిచేదెవరు? దారి చూపే కుర్రాడు మైకు పట్టుకుని, నవ్విస్తూ, వింతలన్నీ చెబుతున్నాడు. దేవీపట్నం దాపులకు రాగానే మైకు కట్టేశాడు.

"మాస్టారూ, మా యిల్లు అదిగోనండి" అన్నాడు మెల్లగా.

చూస్తే నీళ్ళే. 2021లో గోదావరిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్ళించాక నీరు ఎగదన్ని ఆ చుట్టుపట్ల ఊళ్ళను ముంచింది. జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు.

"రోజూ మీ ఊరిమీదుగానే వెళ్ళడం కష్టంగా లేదుటయ్యా?" అన్నాను.

"వెళ్ళకపోతే మళ్ళీ చూసేదెప్పుడండి?" అన్నాడు.

ఆపైన కొండలు పాపిడి తీసినట్టు విడిపోయి దారి యిచ్చాయి. పేరంటాలపల్లిలో శివదర్శనం చేసుకుని, కొండరెడ్లు అల్లిన వెదురుబుట్ట కొన్నాము. నా మనసు మాత్రం ఆ నీళ్ళదగ్గరే చిక్కుకున్నది.

గోదావరి ఈ కొండల సందునుంచి మోసుకొచ్చిన ఒండ్రే మా కోనసీమ. మా కొబ్బరిచెట్లు నిలిచిన మన్ను ఈ దారినే వచ్చింది. రేపు పోలవరం నిండి మా కాలవలకు ఎద్దడి తప్పితే సంతోషించవలసిందే. కాని ఆ నీటి అడుగున ఒకరి వాకిలి వున్నదని మన పిల్లలకు చెప్పడం కూడా మన వంతే కదా!